మొదటి నాలుగు, చివరి నాలుగు: మా రత్నం అన్న కోసం

రత్నం అన్న ఇక లేడు.

నిన్న పొద్దున ఉట్నూర్ అవతల ఒక పల్లెలో ప్రార్థన ముగించుకుని జీపు ఎక్కుతుంటే ఫోన్ మోగింది. సుగుణ వదిన. "తమ్మీ, మీ అన్న లేస్తలేడు" అన్నది.

అంతే. ఏడుపు కూడా వినిపించలేదు.

జీపును నేరుగా సుల్తానాబాద్‌కు, అన్న ఇంటికి తిప్పించాను. ఊరూరా వాక్యం చెప్పడమే నా పని అని మీ అందరికీ తెలుసు.

డాక్టర్లు హార్ట్ ఎటాక్ అన్నారు. రిపోర్టులో అదే ఉంటుంది. నాకు తెలిసింది నేను రాస్తున్నాను.

బయటివాళ్ళ కోసం చెప్తున్నా. రత్నం అన్న సగం జీవితం గల్ఫ్‌లో క్రేన్ నడిపి వచ్చి, ఇక్కడ చిన్న మొబైల్ షాపు పెట్టుకున్నాడు. మా సంఘంలో కానుకల లెక్క చూసేవాడు. పని పోయి, పాస్‌పోర్ట్ చేతిలో లేక అక్కడ చిక్కుకున్న మన పిల్లల్ని ఇంటికి రప్పించడానికి ఒక ఫండ్ నడిపాడు. ఏ పిల్లాడినీ నువ్వు ఏ దేవుడిని మొక్కుతావని అడగలేదు.

ఆ ఫండ్‌ను క్రిప్టోలో నడపమన్నది పెద్దపల్లిలో ఒక కన్సల్టెంట్. బ్యాంకు కంటే ఫాస్ట్, ఫీజు తక్కువ, హ్యాక్ చేయడం దేవుడి తరం కూడా కాదు అన్నాడట.

ఆ మాటకే లేచి రావాల్సింది.

గల్ఫ్‌లో పని ఉన్న పిల్లలు ఫండ్‌లో డాలర్ కాయిన్, అంటే ఒక్కోటి ఒక డాలర్ విలువ చేసే క్రిప్టో నాణెం, వేసేవారు. టికెట్లు, పేపర్లు చూసే పాల్ అనే మనవాడు అక్కడ ఉన్నాడు. అన్న ఆ కాయిన్ పాల్ అడ్రస్‌కు పంపేవాడు. క్రిప్టో అడ్రస్ అంటే అక్షరాలూ అంకెలూ కలిసిన పొడుగాటి తోక. దానికి మనిషి పేరుండదు.

కానుక లెక్క అందరి ముందు పైకి చదవడం మన సంఘం పద్ధతి. అన్న దీనికీ అదే పద్ధతి పెట్టాడు. ఎంత పంపాడో, ఏ అడ్రస్‌కు పంపాడో ఆదివారం చదివేవాడు. తోకంతా చదివితే ముసలమ్మలు కునుకు తీస్తారని మొదటి నాలుగు, చివరి నాలుగు అక్షరాలు మాత్రమే చదివేవాడు.

మనమంతా ఆమెన్.

ఒక ఆదివారం మొహం వెలిగిపోతూ నిలబడ్డాడు. పాల్ అడ్రస్ నుంచి వాలెట్‌లోకి, అంటే ఫోన్‌లో కాయిన్లుండే సంచిలోకి, ఏదో వచ్చిందట. పైసా విలువ కూడా చేయదు. "పాల్ తనకు లేకున్నా ఏసిండు. గా పేద విధవరాలి రెండు కాసుల లెక్క" అన్నాడు. చప్పట్లు కొట్టాం.

అది పాల్ వేసింది కాదు. ఎర.

క్రిప్టోలో ప్రతి ట్రాన్సాక్షన్ లోకమంతా చూడొచ్చు. ఎవడో చూశాడు. ముందు నాలుగు, వెనక నాలుగు అచ్చం పాల్ అడ్రస్‌లా కుదిరేదాకా కంప్యూటర్‌తో అడ్రస్‌లు పుట్టించాడు. కుదిరినదాని నుంచి ఆ చిల్లర విసిరాడు. తర్వాతిసారి అన్న పాత లావాదేవీల హిస్టరీలో పైనున్న అడ్రస్ కాపీ చేశాడు. ముందు చూశాడు. వెనక చూశాడు. పంపేశాడు.

మధ్యలో చూడలేదు. పైసలు పాల్‌కు కాక దొంగకు చేరాయి.

బైబిల్లో ముసలి ఇస్సాకు చేసింది మాత్రం ఏమిటి? కళ్ళు కనబడక చేతులు తడిమాడు. మేక తోలు కప్పుకొచ్చిన చిన్నకొడుకు యాకోబును, ఒళ్ళంతా రోమాలున్న పెద్దకొడుకు ఏశావనుకుని దీవించేశాడు. ఏశావు వచ్చి ఎంత గగ్గోలు పెట్టినా ఆ దీవెన వెనక్కి రాలేదు. ఇదీ రాదు. క్యాన్సిల్ బటన్ లేదు, కాళ్ళు పట్టుకోవడానికి మేనేజర్ లేడు.

ఆ కన్సల్టెంట్ దగ్గరికి నేనూ వెళ్ళాను. కూర్చోమని కూడా అనలేదు. "క్రిప్టో చెయిన్ హ్యాక్ కాలే సార్. సిస్టమ్ హండ్రెడ్ పర్సెంట్ సేఫ్. మీ అన్ననే రాంగ్ అడ్రస్ కొట్టిండు" అన్నాడు, నవ్వుతూ.

నిజమే. తాళం పగల్లేదు. తాళం చల్లగా ఉంది, మనిషి మునిగిపోయాడు.

ఛీ. పైకి తెల్లగా, లోపల కుళ్ళుగా ఉండే సున్నం కొట్టిన సమాధి అంటే ఏమిటో ఇన్నేళ్ళు బోధించాను. ఆ ఏసీ రూములో కళ్ళారా చూశాను.

అన్న కనబడ్డవాడికల్లా ఫోన్ తీసి ఆ దొంగ అడ్రస్ చూపించేవాడు. "చూడు తమ్మీ, పైసలు గీడనే ఉన్నయ్. కదల్లే. నాకు కనవడుతున్నయ్, నీకు కనవడుతున్నయ్. ఆడే కనవడ్తలేడు."

దొంగ మీద నాకు అసహ్యమే. ఇక రాయబోయేదాని మీద అంతకంటే ఎక్కువ.

కమిటీ మీటింగులో మన పెద్దమనిషి ఒకాయన, పేరు రాయను, కాలు ఊపుకుంటూ అడిగాడు. "గా రెండో అడ్రస్ గూడ నీది కాదని ఏం గ్యారంటీ రత్నం?"

పేరు లేని అడ్రస్. తనది కాదని అన్న ఎట్లా చూపించగలడు?

మరుసటి ఆదివారం కానుక పళ్ళెం వేరే చేతికి పోయింది. అన్న వెనక బెంచీలో కూర్చున్నాడు. షాపు సామాను అమ్మి, పోయిన ఆ డబ్బుతో రావాల్సిన పిల్లాడికి టికెట్ తీశాడు. పిల్లాడు ఇల్లు చేరాడు. ఆ సంగతి సంఘంలో ఎవరూ పైకి చదవలేదు.

నిన్న వదిన నా చెయ్యి పట్టుకుని చెప్పింది. "రోజు గదే మాట తమ్మీ. నేను తియ్యలే సుగుణా, నేను తియ్యలే అని. నాకు చెప్పుడెందుకు? నాకు తెల్వదా?"

సంఘం వాట్సాప్ గ్రూపులో నిన్నటి నుంచి పూలదండలు, పావురాలు, జోడించిన చేతులు. అందరికంటే పొడుగు మెసేజ్ ఆ పెద్దమనిషిదే. సగం చదివి ఫోన్ పక్కన పెట్టేశాను.

ఈ సాయంత్రం సమాధి దగ్గర వాక్యం చెప్పాల్సింది నేను. ఇందాకే కమిటీ నుంచి ఫోన్. "జర పైసల ముచ్చట తియ్యకు బ్రదర్. సావు కాడ ఎందుకు?"

తీస్తాను.

పెట్టె దింపకముందే తీస్తాను. రత్నం ఒక్క పైసా తినలేదని, ఊరందరి మేలు చూడబోయి మోసపోయాడని వదిన ముందు, మీ అందరి ముందు చెప్తాను. అడిగినాయన ముందుకు వచ్చి, నేనన్నది తప్పు అనేదాకా పిడికెడు మట్టి వేయనివ్వను.

పంపిన కాయిన్‌ను వెనక్కి తీసుకోలేం. నోరు జారిన మాటను తీసుకోవచ్చు.

పోయి రా అన్నా. నీ లెక్క ముందు నుంచి వెనక దాకా, మధ్యలో కూడా చూసేవాడి దగ్గరికే పోతున్నావు. నీకు నెమ్మది కలుగుగాక.