పల్లవి పోస్టరు పక్కన నేను లేను

మా కళాశాల వార్షిక సంచికలో ఒక వార్త వచ్చింది. బెంగళూరు సింపోజియంలో మూడో సంవత్సరం విద్యార్థిని పల్లవి తన పరిశోధనను వివరిస్తున్నంతసేపూ గైడునైన నేను పక్కనే నిలబడి అండగా ఉన్నానని, ఆమె ఎంపిక నా చలవేనని రాశారు. అది నిజం కాదు. పిల్లలను ఇలాంటి సభలకు తీసుకువెళ్ళే అధ్యాపకులు ఇంకా ఉంటారు కాబట్టి ఆ రోజు ప్రయాణాన్ని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఫిబ్రవరిలో ఒక శనివారం. హిందూపురంలో తెల్లవారుజామున బండి. మాతో రావలసిన మా కాలేజీ మేడంకు జ్వరం వచ్చింది. పల్లవిని స్టేషనులో దింపడానికి వచ్చిన వాళ్ళ నాన్న, "మీరుండారు కదా సార్. మా పాపకు నోట మాట రాకపోయినా మీరు చూసుకుంటారు" అన్నాడు. నేను తల ఊపాను.

జనరల్ టికెట్టు చవకే గానీ కూర్చోవడానికి చోటు దొరకడం అదృష్టం. మాకు దొరికింది. గౌరిబిదనూరులో బెంగళూరు పీణ్య ఫ్యాక్టరీలకు పనికి పోయే కుర్రాళ్ళు గుంపుగా ఎక్కి, నిలబడే నిద్రపోతూ మా మీదికి ఒరిగారు. పోస్టరును కాగితం మీద కాకుండా గుడ్డ మీద అచ్చు వేయించి గొట్టంలో పెట్టాం కాబట్టి నలిగిపోలేదు.

ఎదురుగా ఒక పెద్దాయన కూర్చున్నాడు. బళేపేటలో గాజుల అంగడట, మూడు తరాలుగా బెంగళూరేనట. "ఏం పాపా, ఆ గొట్టంలో ఏముండాది?" అని అడిగాడు.

వేరుశనగ పొట్టును కాల్చి బొగ్గు చేసి, దాంతో అద్దకం నీళ్ళలోని రంగును తీసే పద్ధతి అని నేను వివరించాను.

"బొగ్గుతో రంగు పోతుందా? ఎన్నాళ్ళు చేసినావు పాపా ఈ పని?"

"ఏడాదిన్నరగా చేస్తున్నామండి" అన్నాను.

ఆయన నా వైపు తిరిగాడు. "నేను పాపని అడిగితే నువ్వు చెప్తాండావే అప్పా. నువ్వేమన్నా ఆ పాప లాయరా?"

చుట్టుపక్కల వాళ్ళు నవ్వారు. పల్లవి కిటికీ వైపు తిరిగి నవ్వుకుంది. నేనూ నవ్వాను గానీ నాకు నిరుడు జరిగింది గుర్తొచ్చింది.

నిరుడు బెంగళూరులోనే ఆమె మొదటి సింపోజియం. అక్కడ బాగా చెప్పిన నలుగురిని ఏరి, వేసవిలో రెండు నెలలు ఒక పెద్ద ప్రయోగశాలలో పని చేయనిస్తారు. చిన్న ఊళ్ళ పిల్లలకు అలాంటి చోట అడుగు పెట్టడానికి వేరే దారి లేదు. మా కాలేజీల్లో పద్ధతి ఏమిటంటే, ప్రసంగం ఇంగ్లీషులో మేమే రాసిస్తాం, పిల్లలు బట్టీ పడతారు, ప్రశ్నలు వస్తే మేమే అందుకుంటాం. పిల్ల తడబడితే కాలేజీ పరువు పోతుందని భయం. రంగు పీల్చుకున్న ఆ బొగ్గును తర్వాత ఏం చేస్తారని పరీక్షకుడు పల్లవిని అడిగాడు. ఆమె నోరు తెరిచేలోపే, ఇటుకల్లో కలపవచ్చని నేను చెప్పేశాను. మేమెప్పుడూ కలిపి చూడలేదు. "నేను అడిగింది ఆ అమ్మాయిని" అన్నాడాయన. అయినా నేనే మాట్లాడాను. ఆ నలుగురిలో ఆమె పేరు లేదు. తిరుగు ప్రయాణంలో, "నీకు ఇంగ్లీషు సరిగా రాకపోవడం వల్లే పోయింది" అని ఆమెతో అన్నాను. సంచికలో వార్త చూసినప్పుడు నాకు నిద్ర పట్టనివ్వనిది ఆ మాటే.

యశ్వంతపురంలో ఎనిమిదిన్నరకు దిగాం. ఇడ్లీ తిని పీణ్య వైపు మెట్రో ఎక్కాం. రాత్రి సరిగా నిద్రలేక నా కళ్ళు మండుతున్నాయి. పల్లవి పైన పట్టీ పట్టుకుని నిలబడి, నన్ను చూడకుండా అంది.

"సార్, ఈసారి మీరు హాల్లోకి రావద్దండి."

"ఎందుకు?"

"మీరుంటే వాళ్ళు మిమ్మల్నే చూస్తారు. నేనూ మిమ్మల్నే చూస్తా."

"నీ ఇష్టం" అన్నాను. మనసులో కోపం వచ్చింది. ఇరవై ఏళ్ళ సర్వీసులో నన్ను బయట ఉండమన్న విద్యార్థి ఒక్కరూ లేరు.

సభ జరిగే కాలేజీకి స్టేషను నుంచి ఆటోలో పది నిమిషాలు. పోస్టరు తగిలించడానికి పిన్నులు వాళ్ళే ఇస్తారు, మధ్యాహ్న భోజనానికి కూపన్లు కూడా. ఆమెను గుమ్మం దగ్గర వదిలి నేను క్యాంటీనుకు వెళ్ళాను. అక్కడ ఉప్పిట్టు అనే ఉప్మా తెచ్చుకున్నాను, రెండు కాఫీలు తాగాను. పక్క బల్ల దగ్గర నాలాంటి గైడు ఒకాయన ఫోనులో తన విద్యార్థికి జవాబులు చెబుతున్నాడు. అది వింటూ కూర్చోలేక లేచాను.

హాలు వెనక తలుపు తెరిచి ఉంది. పల్లవి ముందు నెరిసిన జుట్టు మేడం ఒకావిడ, ఈసారి పరీక్షకురాలు, నిలబడి ఉంది. నిరుటి ప్రశ్నే అడిగింది, ఆ బొగ్గును ఏం చేస్తావని.

"దానికి నా దగ్గర జవాబు లేదు మేడం" అంది పల్లవి.

నా కాలు దానంతట అదే గుమ్మం దాటబోయింది. తలుపు చెక్క పట్టుకుని ఆగాను.

"మట్టిలో కలిపి కుండీల్లో పెట్టి చూశాను. నీళ్ళు పోస్తూ ఉంటే కొన్ని వారాలకు రంగు మళ్ళీ బయటికొచ్చింది. అంటే రంగును నీళ్ళలోంచి తీసి మట్టిలో పెడుతున్నాను, అంతే. అది తేలేదాకా ఇది సగం పనే."

ఆమె ఇంగ్లీషులో క్రియలు తప్పాయి. ఎవరూ పట్టించుకోలేదు. ఆ మేడం కుర్చీ లాక్కుని కూర్చుని, కుండీల ఫోటోలు చూపించమంది. చాలాసేపు మాట్లాడుకున్నారు. మా ల్యాబు వెనక ఆ కుండీలను నేను రోజూ చూసేవాణ్ణి. అటెండరు ఏవో మొక్కలు పెడుతున్నాడనుకున్నాను.

భోజనాల దగ్గర అడిగాను. "కుండీల సంగతి నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే పోస్టరులో వద్దంటారని సార్."

అన్నం కలుపుకుంటూ ఆలోచించాను. నిజమే, వద్దనేవాణ్ణి. పని కుదరలేదని నలుగురిలో చెప్పుకుంటామా అనేవాణ్ణి.

నాలుగింటికి ఫలితాలు చెప్పారు. బహుమతులు వేరే వాళ్ళకు వెళ్ళాయి. వేసవి పనికి ఎంపికైన నలుగురిలో పల్లవి పేరు రెండోది.

సాయంత్రం బండి ఆలస్యంగా వచ్చింది. కూర్చునే చోటు లేదు. చిత్రాన్నం పొట్లాలు నిలబడే తిన్నాం. నా మోకాళ్ళు పీకుతున్నాయి. యలహంక దాటాక పల్లవి, "సార్, వేసవి పని గురించి..." అని మొదలుపెట్టింది.

"చూద్దాంలేమ్మా" అన్నాను. "మన ప్రాజెక్టు మధ్యలో ఉంది. మీ నాన్న ఒప్పుకోవాలి, నేను మాట్లాడతాను. సోమవారం ప్రిన్సిపాలుగారిని కూడా అడిగి ఆలోచిద్దాం."

"ఆలోచించేదేం లేదు సార్. వస్తానని ఆ మేడంకు చెప్పేసినా. నాన్నకూ ఫోన్ చేసినా, సరే అన్నాడు. మీకు చెప్పల్ల కదా అని చెప్తాండా."

మంచిది అన్నాను. దొడ్డబళ్ళాపురంలో ఒక సీటు ఖాళీ అయితే కూర్చోమని నాకే చూపించింది. కూర్చున్నాను. ఆమె గుమ్మం వైపు వెళ్ళి స్నేహితురాలితో ఫోనులో మాట్లాడుతూ నిలబడింది.

హిందూపురం వచ్చేదాకా, ఇన్నేళ్ళలో నేను వెంటబెట్టుకుని తిప్పిన పిల్లలను ఒక్కొక్కరినే గుర్తు తెచ్చుకున్నాను. ముఖాలు గుర్తొచ్చాయి. చాలామంది పేర్లూ గుర్తొచ్చాయి. ఒక్కరి గొంతూ గుర్తుకు రాలేదు.