నైరుతి గుంతలు

ధర్మవరంలో మా చెల్లెలి ఇంటి వెనక ఉన్న మగ్గం గది గోడ ఆ వేసవిలో గాలివానకు కూలింది. పైకప్పు రేకులు ఎగిరి పక్కవాళ్ల దొడ్లో పడ్డాయి. మగ్గం మాత్రం నిలిచింది. దాని మీద ఒక పట్టుచీర ఉంది. తాడిమర్రి వాళ్లు పెళ్లికూతురి కోసం చెప్పి నేయించుకుంటున్నది. చీరంతా అయింది, కొంగు మాత్రం మిగిలింది.

అది గుంత మగ్గం. నేలలో గుంత తీసి, నేసేవాడు అందులోకి కాళ్లు దించి కూర్చుంటాడు. మగ్గం గుంజలు ఆ గుంత అంచునే నేలలో దిగబడి ఉంటాయి. చీర మధ్యలో ఉండగా దాన్ని ఇంకో చోటికి మార్చడం కుదరదు. అందుకని మగ్గాన్ని ఉన్నచోటే ఉంచి, చుట్టూ ఎనిమిది ఇనుప పైపులు నాటి, మీద రేకులు వేయాలనుకున్నారు. అంతవరకు దాని మీద టార్పాలిన్ కప్పారు. టార్పాలిన్ కింద గాలాడదు, వెలుతురుండదు, జరీ పోగు కనిపించదు. నేత ఆగిపోయింది.

మా చెల్లెలి భర్త హిందూపురంలో ఉన్న నాకు ఫోన్ చేశాడు.

“బావా, కాంక్రీటుకు నువ్వే లెక్క కట్టియ్యల్ల. మేస్త్రి ఒకటి చెప్తాండాడు, సిమెంటు అంగడాయప్ప ఇంగొకటి చెప్తాండాడు. ఎవర్ని నమ్మల్లో తెలీలేదు.”

ఉద్యోగమంతా నీటిపారుదల శాఖలో అంచనాలు వేయడంతోనే గడిపాను. కాలువ గట్లకు, తూములకు, చిన్న వంతెనలకు. ఇంటికి ఎవరైనా ఇలాంటి పని చెబితే నాకు ఇప్పటికీ సంతోషమే. మరునాడే టేపు సంచిలో పెట్టుకుని బస్సెక్కాను.

నేను వెళ్లేసరికి ఈశాన్యంలో మొదటి గుంత తవ్వి ఉంది. ట్రాక్టరుకు తగిలించిన, నేల తొలిచే బర్మా యంత్రంతో తీసింది కాబట్టి చక్కగా గుండ్రంగా వచ్చింది. అడుగున్నర వెడల్పు, మూడడుగుల లోతు. మిగతా ఏడూ ఇట్లే తీస్తామన్నారు. గుండ్రటి గుంతతో ఒక చిక్కుంది. చదరపు గుంతలో ఎంత పడుతుందో కంటితో చూసి ఇంచుమించుగా చెప్పవచ్చు. గుండ్రటిదాన్ని కన్ను ఎప్పుడూ తక్కువగా చూస్తుంది. అందుకే నేను కంటిని నమ్మను. వెడల్పులో సగం తీసుకుని, దాన్ని దానితోనే హెచ్చించి, వృత్తాల లెక్కలో వాడే ‘పై’ విలువతో, లోతుతో హెచ్చవేశాను. ఒక్కో గుంతకు అయిదు ఘనపుటడుగుల పైచిల్లర వచ్చింది. ఎనిమిదింటికీ కలిపి, తడిస్తే ఇసుకా కంకరా కుంగుతాయని ఆ తరుగు చూసుకుని, పైన పదోవంతు కలిపి, తొమ్మిది మూటల సిమెంటు అన్నాను. దానికి తగ్గ ఇసుక, కంకర కూడా చెప్పాను.

“పదోవంతు ఎందుకు బావా ఎక్కువ? పెండ్లి వంటకు లెక్కేసినట్ల వేస్తివే!” అన్నాడు.

“గుంతలూ పెండ్లోళ్ల మాదిరే అప్పా. పిలిచిందానికన్నా ఎక్కువే తింటాయి.”

మా చెల్లెలు నవ్వింది. గోడ కూలిన తర్వాత ఆమె నవ్వడం అదే మొదటిసారి అని తర్వాత చెప్పింది.

కాంక్రీటు వేసే రోజు ఉదయం మళ్లీ బయలుదేరాను. ఎర్రమంచి దగ్గర కార్ల ఫ్యాక్టరీ షెడ్లు బస్సు కిటికీలోంచి చాలాసేపు కనిపిస్తాయి. ఆ స్తంభాల కింద ఎంత కాంక్రీటు పోసి ఉంటారోనని ప్రతిసారీ అనుకుంటాను. ఆ రోజు నా చూపు వాటి మీద నిలవలేదు. పెనుకొండ కొండ మీద మబ్బు దిగి, కోట గోడలు కనిపించడం లేదు. వానకు ఇంకా రోజులున్నాయనే అందరం అనుకున్నాం.

ఇంటికి చేరేసరికి మిక్సరు తిరుగుతోంది. నైరుతి మూల నుంచి మొదలుపెట్టారు. మేస్త్రి తట్ట మీద తట్ట పోయిస్తున్నాడు. ఆ గుంత నిండడం లేదు. నేను నిలబడి చూశాను. మిక్సరులో రెండోసారి కలిపింది కూడా అందులోకే పోయింది. దగ్గరికి వెళ్లి, ఇంకా ఖాళీగా ఉన్న పక్క గుంతలోకి టేపు జార్చాను.

లోతు నాలుగడుగులు. వెడల్పు రెండుంబావు. పోస్తున్న గుంత నోరు కూడా అంతే ఉంది.

“ఇదేమప్పా? ఇది నేను చెప్పిన కొలత కాదే!”

మా చెల్లెలి భర్త ముఖం పక్కకు తిప్పుకున్నాడు. జవాబు నులకమంచం మీంచి వచ్చింది. అక్కడ అతని తల్లి కూర్చుని ఉంది. ఎనభై దాటిన మనిషి. ఆ ఇంట్లో ఆమె మాటే చివరి మాట.

“నేనే తవ్వించినా నాయనా. నైరుతి బరువుగా ఉండల్ల. అది తేలిక కాబట్టే గోడ పడె. గడ్డపారతో బాగా వెడల్పు చేయిస్తి.”

“చెప్పి ఉండల్ల కదత్తా.”

“దానికీ చెప్పల్లనా? రొన్ని వెడల్పు, రొంత లోతు. ఎంతని తేడా వస్తాది?”

ఎంత తేడా వస్తుందో నాకు తెలుసు. వెడల్పు ఒకటిన్నర రెట్లయితే గుంత నోరు రెట్టింపు దాటిపోతుంది. లోతు కూడా కలిస్తే గుంత మూడింతలవుతుంది. ఆ రెండు గుంతలూ కలిసి ఆరు గుంతల కాంక్రీటు తింటాయి. కానీ ఆ మాట ఆమెకు చెప్పి లాభమేముంది? మిక్సరు తిరుగుతోంది. పోసినదాన్ని వెనక్కి తోడలేం.

“సార్, ఇది గుంత కాదు, బావి. మోటారు దించుకోవచ్చు,” అన్నాడు మేస్త్రి. నవ్వడానికి ఎవరికీ మనసు రాలేదు. కూలిన గోడ రాళ్లు కొన్ని తెచ్చి ఆ రెండింట్లో వేయించాను. కొంత ఆదా అయింది, అంతే. అయిదో స్తంభం దగ్గర సిమెంటు, ఇసుక రెండూ అయిపోయాయి. మగ్గానికి ఆనుకుని ఉన్న ఈశాన్యం వైపు మూడు గుంతలు నోళ్లు తెరుచుకుని మిగిలాయి.

సిమెంటు ఊళ్లో దొరుకుతుంది. ఇసుక ట్రాక్టరు వాడికి ఫోన్ చేస్తే, “రేపు అమావాస్యప్పా, బండి తీసేదిల్లే. ఎల్లుండి,” అన్నాడు. మేస్త్రి కూడా అప్పటికే చేతులు కడుక్కుంటున్నాడు.

“మబ్బు పట్టింది, పోనీ ఆ మూడింటినీ మట్టితో పూడుద్దాం, ఎల్లుండి మళ్లీ తవ్వుకుందాం,” అన్నాను.

“మట్టి యాడుండాది బావా? నైరుతి ఎత్తుగా ఉండల్లని అమ్మ అంతా ఆడ పరిపించె,” అన్నాడు మా చెల్లెలి భర్త.

చూస్తే నిజమే. వెనక దొడ్డి అంతా నైరుతి నుంచి ఈశాన్యానికి వాలుగా, ఎవరో మట్టం పెట్టి చేసినట్టు ఉంది.

మధ్యాహ్నం అన్నాలు తింటుండగా మొదటి చినుకులు పడ్డాయి. చేతులు కడుక్కునే లోపలే వాన కట్టలు తెంచుకుంది. నీళ్లు ఆ వాలు పట్టుకుని సరాసరి ఆ మూడు గుంతల్లోకి దిగాయి. గోనెసంచులు అడ్డం వేశాం. మా చెల్లెలూ నేనూ బకెట్లతో తోడాం. తోడిన నీళ్లు ఎటు పారబోసినా తిరిగి అక్కడికే వచ్చాయి. ఆ నేల గరుసు, నీళ్లను ఇట్టే వదులుతుంది. ఆ స్తంభాల గుంతలకూ మగ్గం గుంతకూ మధ్య జానెడు దూరం కూడా లేదు. కాసేపటికి టార్పాలిన్ ఎత్తి చూస్తే, మగ్గం గుంత పక్కగోడలోంచి నీళ్లు సన్నగా ఊరుతున్నాయి.

మా చెల్లెలు నా వైపు తిరిగింది. చీర తడిసి ఒంటికి అతుక్కుని ఉంది.

“అన్నా, ఇది నిండేదానికి ఎంత సేపు పట్టచ్చు?”

నా జీవితమంతా నన్ను అడిగిన ప్రశ్నలన్నీ అలాంటివే. గుంత పొడవు, వెడల్పు, ఊరే వేగం తెలిస్తే చెప్పవచ్చు. నా జేబులో టేపు ఉంది. నేను దాన్ని తీయలేదు.

గుంత అంచు మెత్తబడి ఒక గుంజ పక్కకు ఒరగడం మొదలైంది. పడుగు ఒక వైపు వదులైంది, రెండో వైపు తాడులా బిగిసింది; అలాగే వదిలితే నేసినంత భాగమూ చిరుగుతుంది. మా చెల్లెలి భర్త ఒక్క క్షణం చీర మీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు. తర్వాత లోపలికి పోయి కత్తెర తెచ్చాడు. తెగిన పోగుల్ని ఒక్కొక్కటిగా అతికించే నేర్పు వాళ్లకు ఉంది. అయితే అతుకు పడిన చీరను పెళ్లికూతురికి కట్టరు. ఆ సంగతి ఆ ఇంట్లో అందరికీ తెలుసు. కత్తెర కదులుతున్నంతసేపూ నేను టార్పాలిన్ అంచు పట్టుకుని నిలబడ్డాను. నేను చేయగలిగింది అదొక్కటే.

కొంగు లేని చీరను మడత పెట్టి బీరువా పైన ఉంచారు. వాన తగ్గాక ముసలామె గడప దాకా వచ్చి దొడ్డి చూసింది.

“చూడు నాయనా, నైరుతి స్తంభాలు ఎట్ల నిలబడుకోనుండాయో. ఇసుమంత కదిలిందా?”

“లేదత్తా,” అన్నాను. నిజంగానే కదలలేదు.

మా చెల్లెలు లోపలి గదిలో తాడిమర్రికి ఫోన్ చేస్తోంది. తలుపు తెరిచే ఉంది.

“లేదమ్మా, మగ్గం నిలవకపాయె... వాన... ఆ, తెలుసమ్మా పెండ్లని. వేరే యాడన్నా చూసుకోండమ్మా, మంచివి దొరుకుతాయి. ఏమనుకోవద్దండి.”

గుంతల మాట, నైరుతి మాట, నా లెక్క మాట ఆమె ఎత్తలేదు. ఫోన్ పెట్టి బయటికొచ్చి, “కాఫీ తాగుతావా అన్నా?” అంది. నేను తల ఊపాను. ఆమె వంటింట్లోకి పోయింది. నేను బకెట్టు తీసుకుని మళ్లీ ఆ గుంతల దగ్గరికి వెళ్లి కూర్చున్నాను. మూడూ అంచుల దాకా నిండి ఉన్నాయి. తోడడం మొదలుపెట్టాను.