కిందికి ఎత్తుకున్న పాట

వేములవాడలో రాజన్న దర్శనం చేసుకుని కోరుట్ల బస్సెక్కాను. పక్క సీటు పెద్దావిడ సంచిలోంచి ఆయాసానికి పీల్చే పఫ్ తీసి ఆడించి, నోట్లో పెట్టుకుని నొక్కింది. సుయ్‌మన్న ఆ చిన్న చప్పుడుకు, గాలిలో తేలిన మందు వాసనకు, మా లచ్చవ్వ పెద్దమ్మ వచ్చి నా పక్కన కూర్చున్నట్టయింది.

లచ్చవ్వ మా పొరుగావిడ, వరుసకే పెద్దమ్మ. వయసులో ఉన్నప్పుడు సిరిసిల్లలో మగ్గాలకు నూలు కండెలు చుట్టింది. ఆ నూలు దుమ్ముతోనే ఆయాసం పట్టుకుందనేది. బడి ముఖం చూడని నాకు తన అరుగు మీద అక్షరాలు దిద్దించింది. భక్తి పాటల పుస్తకం ముందు పెట్టి, తాను పాడుతూ, వేలితో చూపిస్తూ చదివించింది. నాకు చదువంటే ఆమె గొంతే. వాడలో బతుకమ్మ పాట ఎత్తుకోవాలన్నా ఆమే.

జగిత్యాల డాక్టరమ్మ రోజూ పీల్చమని మందు ఇచ్చాక ఆయాసం తగ్గింది. కొన్నాళ్లకు గొంతు మాత్రం బొంగురుపోయింది. బతుకమ్మ దగ్గర పడుతుంటే ఎవరికీ చెప్పకుండా మందు మానేసింది. నాకు తెలిసేసరికి గోడ పట్టుకుని నిలబడి ఊపిరి కోసం తండ్లాడుతోంది.

“గొంతు పోయినంక గీ ఊపిరితోని ఏం జేసుకోను బిడ్డా?” అంది.

బతిమాలి జగిత్యాల తీసుకెళ్లాను. మందు పీల్చాక నోరు పుక్కిలించి ఉమ్మేస్తున్నారా అని డాక్టరమ్మ అడిగింది. పెద్దమ్మ తల దించుకుంది. ఆమె పూజ చేసి, తీర్థం తీసుకున్నాకే మందు పీల్చేది.

“తీర్థం తాగిన నోరు. ఎట్ల ఉమ్ముత మేడం?”

డాక్టరమ్మ నవ్వలేదు. మందు గొంతులో నిలిచిపోతే స్వరం పాడవుతుందని, మానేస్తే ప్రాణానికే ముప్పని ఓపికగా చెప్పింది. మందు నేరుగా గొంతుకు కొట్టకుండా, పఫ్‌కు తగిలించి పీల్చే ప్లాస్టిక్ గొట్టం కూడా రాసిచ్చింది.

తిరుగు దారిలో నేనే ధైర్యం చేశాను. “ముందుగాల మందు, పుక్కిలి. గా తర్వాత దేవుడు, పెద్దమ్మా.”

“దేవుని కంటె ముందు డాక్టరమ్మనా?”

“తానం జెయ్యకుండ దీపం ముట్టిస్తవా? గిది నోటికి తానం.”

దగ్గుతూనే నవ్వింది. నీకు చదువు చెప్పి నా కొంప నేనే ముంచుకున్నానని దెప్పింది. మర్నాటి నుంచి అలాగే చేసింది.

ఆ ఏడు గొంతు కొంతే తిరిగొచ్చింది. పై స్వరం అందలేదు. బతుకమ్మ మొదటి రోజు పాటను బాగా కిందికి ఎత్తుకుంది. ఎప్పుడూ ఆమె ఎత్తును అందుకోలేక చప్పట్లతో సరిపెట్టుకునే ముసలవ్వలు, చిన్నపిల్లలు మెల్లగా గొంతు కలిపారు. నడుమ ఆమె ఊపిరి తీసుకోవడానికి ఆగింది. పాట ఆగలేదు. కాసేపు విని నా వైపు తిరిగింది.

“ఇన్నేండ్లు నేనొక్కదాన్నే పాడిన గదనే” అంది.

పెద్దమ్మ ఇప్పుడు లేదు. వాడలో పాట నేనే ఎత్తుకుంటాను. స్వామి దయవల్ల నా గొంతు ఇంకా పైకి పోతుంది. అయినా కిందికే ఎత్తుకుంటాను, అందరి నోటికీ అందేలా.