పదకొండు నిమిషాల సైడు

నేను పుట్టు పిరికివాణ్ణి. వినయం కోసం అంటున్న మాట కాదిది. గ్యాస్ బండ మార్చాలంటే పక్కింటావిడని పిలిచేవాణ్ణి. బస్సు కాస్త జోరుగా మలుపు తిరిగితే ముందు సీటు ఊచ గట్టిగా పట్టుకునేవాణ్ణి. అలాంటివాణ్ణి తీసుకెళ్లి యాసిడ్ల మధ్య కూర్చోబెట్టారు. కూర్చున్నవాణ్ణి ఊరుకోకుండా ఒక మనిషి ప్రాణం మీదికి తెచ్చాను. అదీ పాటల క్యాసెట్‌తో!

తొంభైల మధ్యలో సంగతి. పటాన్‌చెరు దాటాక, మందుల ముడిసరుకు చేసే ఒక ఫ్యాక్టరీలో షిఫ్ట్ కెమిస్టుని. మా నాన్న కోస్తా నుంచి ప్రభుత్వ ఫ్యాక్టరీ ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు కాబట్టి నాకు ఇవి కొత్త ఊళ్లేం కావు. ఇస్నాపూర్‌లో కిరాయి గది తీసుకుని, పొద్దున షిఫ్టుకి సైకిల్ మీద వెళ్లేవాణ్ణి. లోపల ఏ గొట్టం బుస్సుమన్నా రెండడుగులు వెనక్కి వేసేవాణ్ణి. ఎవరికైనా చెప్పుకుందామంటే సిగ్గు. చదువుకున్న కెమిస్టు భయపడుతున్నాడంటే నవ్వరూ?

ఆ భయానికి మందు జర్మనీ నుంచి పోస్టులో వచ్చేది. కాలేజీ రోజుల్లో ఒక పత్రికలో చిరునామా చూసి కలం స్నేహం మొదలుపెట్టాను. అవతలివాడు హార్డ్‌కోర్ పంక్ అనే రకం పాటల పిచ్చోడు. అదేమిటో నాకప్పుడు తెలీదు. మొదటి క్యాసెట్ విన్నప్పుడు టేప్‌రికార్డర్ పాడైందనుకున్నాను. పాట మొదలైందని మనం సర్దుకుని కూర్చునేలోపే అయిపోతుంది. డ్రమ్ములు ఆగకుండా ఉరుకుతాయి, పాడేవాడు గొంతు చించుకుంటాడు, ఒక్క ముక్క అర్థం కాదు. రెండోసారి విన్నాను. మూడోసారికి ఎందుకో ఏడుపొచ్చింది. షిఫ్టులో నేను అరవాలనుకుని మింగేసిన అరుపులన్నీ ఎవడో ఎక్కడో నా బదులు అరుస్తున్నాడనిపించింది.

ఇక ఆగలేదు. రెండు మూడు నెలలకోసారి, అక్కడ కొత్తగా రిలీజైన రికార్డులన్నీ అరవై నిమిషాల క్యాసెట్‌లోకి ఎక్కించి పంపేవాడు. ఐదారు బ్యాండ్ల సరుకు, రెండు సైడ్లూ అంచుదాకా నింపేసేవాడు. నా అభిప్రాయాలు నా వచ్చీరాని ఇంగ్లీషులో రాసి, జతగా సన్నాయి క్యాసెట్లు పంపేవాణ్ణి. ఫలానా బ్యాండు డ్రమ్మరు మా బాయిలర్ కంటే నయం అని ఒకసారి రాశాను. వాడికి అది తెగ నచ్చిందట.

మా బ్లాకులో రసాయనాలు ఉడికించే రియాక్టర్ మీద పనిచేసే ఆపరేటరుది దగ్గర్లోని లక్డారం ఊరు. యాభై దాటిన రైతు. బోరు ఎండిపోయాక ఫ్యాక్టరీకి వచ్చి పదిహేనేళ్లుగా అదే మెట్లు ఎక్కి దిగుతున్నాడు. కాకా అనేవాణ్ణి. నాకు అక్కడ ధైర్యం అంటూ ఉంటే అది ఆయన మెట్ల మీద నిలబడి ఉండటమే. ఒకరోజు భోజనాల వేళ నా క్యాసెట్ పెడితే తినడం ఆపి విన్నాడు.

"ఏంది సారూ, గాన్ని ఎవలన్న కొడుతున్నరా?"

"లేదు కాకా, పాడుతున్నాడు."

"పాడుడా! అయ్యో, నీళ్లన్న తాపుండ్రి పాపం," అన్నాడు.

ఇక్కడ మా పని పద్ధతి ఒకటి చెప్పాలి. ఆ బ్లాకులోకి చేతి గడియారాలు తేకూడదు. బీడీలు, అగ్గిపెట్టెలతోపాటు అవీ గేటు దగ్గరే ఇచ్చేయాలి. గోడ గడియారం పెడితే యాసిడ్ ఆవిరికి నాలుగు నెలల్లో ముళ్లు తుప్పుపట్టి ఆగిపోయేది. మూడు పోయాక నాలుగోది ఇవ్వలేదు. పనేమో టైముతో ముడిపడింది. పైనున్న చిన్న ట్యాంకులోంచి రియాక్టర్‌లోకి యాసిడ్ సన్నధారగా రెండు గంటలపాటు దించాలి. తొందరపడితే లోపల వేడెక్కి పొగ తన్నుకొస్తుంది, ఇంకా తొందరపడితే ఏం జరుగుతుందో అనుకోవడానికే నాకు వణుకు. అందుకని మాకంటే ముందువాళ్లెవరో క్యాసెట్టుని గడియారం చేశారు. అరవై నిమిషాల క్యాసెట్, ఒక్కో సైడు అరగంట. ట్యాంకు పక్కన గాజుగొట్టం మీద నాలుగు ఎర్రగీతలు. సైడుకో గీత దిగాలి. కింద షిఫ్టు గదిలో, పాలిథిన్ కవర్లో చుట్టిన కాకా టేప్‌రికార్డర్ మోగుతుంది. పైన ఆయన కుళాయి మీద చెయ్యేసి వింటుంటాడు. పాట ఆగితే సైడు అయినట్టు. నేను క్యాసెట్ తిరగేస్తాను, ఆయన గీత చూసుకుంటాడు. పాటలు కాలక్షేపానికే అనుకునే మేనేజరుకి ఈ సంగతి తెలీదు. అన్ని షిఫ్టులవాళ్లూ ఇలాగే చేసేవాళ్లు.

ఎక్కువగా ఒగ్గుకథ క్యాసెట్లు పెట్టేవాళ్లం. నా జర్మనీ క్యాసెట్లూ రెండు మూడుసార్లు పెట్టాను. "ఏదైతేంది సారూ, సైడు సైడే గద," అన్నాడు కాకా.

ఆ రోజు పొద్దున ఇస్నాపూర్ పోస్టాఫీసు ముందు పోస్ట్‌మ్యాన్ ఎదురై కొత్త పార్సిల్ చేతిలో పెట్టాడు. అక్కడే చించి ఉత్తరం చదివాను. తను రెండేళ్లుగా ఎదురుచూస్తున్న బ్యాండు కొత్త రికార్డు వచ్చిందనీ, మిగతా క్యాసెట్ నింపేదాకా ఆగలేక అదొక్కటే ఎక్కించి పంపేస్తున్నాననీ రాశాడు. చదివాను. సంతోషపడ్డాను. అంతే! ఆ వాక్యంలో ఏముందో నా బుర్రకి ఎక్కలేదు.

పదకొండింటికి యాసిడ్ మొదలుపెట్టాం. కొత్త క్యాసెట్ పెట్టి నొక్కాను. మొదటి పాటకే ఒళ్లు జల్లుమంది. అంత బాగుంది. ఎలాగూ అరగంట ఉంది కదా అని శాంపిల్ సీసా పట్టుకుని ఆవరణ అవతలి ల్యాబ్‌కి వెళ్లాను. కిటికీలోంచి ఆ అరుపులు అక్కడిదాకా వినబడుతూనే ఉన్నాయి. ల్యాబ్ అమ్మాయి ముఖం చిట్లించి తలుపు మూసేసింది.

పని చూసుకుని తలుపు తీసేసరికి నిశ్శబ్దం.

పాట ఆగిపోయింది. క్యాసెట్ పెట్టి ఇంకా అరగంట కాలేదని ల్యాబ్ గడియారం చెబుతోంది, సగం కూడా కాలేదు. అప్పుడు, అప్పుడు తట్టింది ఉత్తరంలోని వాక్యం. రికార్డు మొత్తం అయిపోయింది, క్యాసెట్ ఖాళీగా తిరుగుతోంది. పైన కాకా ఏమనుకుంటాడు? సైడు అయిపోయింది, గీత మాత్రం దిగలేదు, తనే వెనకబడ్డానని కుళాయి ఇంకా తిప్పుతాడు. పదిహేనేళ్లుగా ఆయన చేస్తున్నది అదే. తల ఎత్తి చూశాను. మా బ్లాకు మీది గొట్టంలోంచి ఎర్రగోధుమ రంగు పొగ వస్తోంది.

మెట్లు నాకు యాభై అడుగుల దూరంలో ఉన్నాయి. గేటు రెండో వైపు. నా కాళ్లు గేటు వైపు పరుగెత్తాయి.

కాళ్ల మీదికి నెడుతున్నాను చూడండి! నేనే పరుగెత్తాను. గేటు దగ్గర వాచ్‌మన్ "ఏమైంది సారూ, ఏమైంది?" అని భుజాలు పట్టి కుదుపుతుంటే చెయ్యెత్తి చూపించాను. వాడు పొగ చూసి సైరన్ నొక్కాడు. ఆ సైరన్ మోతకి సిగ్గొచ్చిందో, బుద్ధొచ్చిందో, వెనక్కి తిరిగాను. నేను మెట్ల దగ్గరికి చేరేసరికి కాకా తడి తువ్వాల ముక్కుకి అడ్డం పెట్టుకుని దిగుతున్నాడు. కుళాయి కట్టేసి, చల్లనీళ్ల వాల్వు మొత్తం తిప్పి, వేడి కొలిచే ముల్లు వెనక్కి మళ్లేదాకా ఆ పొగలోనే నిలబడి, అప్పుడు దిగాడు. ఆఖరి మెట్టు మీద కూలబడి దగ్గు తెరల మధ్య ఒక్కటే అడిగాడు.

"సైడు గింత జల్దీ ఎట్ల ఖతమైంది సారూ?"

నేను గదిలోకి వెళ్లి క్యాసెట్ తీసి జేబులో వేసుకున్నాను. ఆ పరిస్థితిలో నాకు తోచిన మొదటి పని అదీ.

సాయంత్రానికి ఊపిరి అందక కాకాని ఆస్పత్రిలో చేర్చారు. ఈ పొగ వెంటనే చంపదు, రెండు రోజులు ఆగి ఊపిరితిత్తుల్లో నీరు చేరుస్తుంది, అప్పటిదాకా ఏమీ చెప్పలేం అన్నాడు డాక్టరు. ఆ రెండు రోజులు నేనెలా బతికానో చెప్పమంటే చెప్పలేను. అన్నం రెండు ముద్దలు తిని పక్కన పెట్టేసేవాణ్ణి. వరండాలో నర్సు చెప్పుల చప్పుడు వినిపిస్తే నాకే చెప్పడానికి వస్తోందనిపించేది. కాకా భార్య నా పక్కనే బెంచీ మీద కూర్చుని, "నువ్వు జల్దీ సైరన్ కొట్టిచ్చినవంట బిడ్డా, నీ కడుపు సల్లగుండ," అంది. భూమి చీలితే బాగుండుననిపించింది. చీలలేదు. ఆవిడ తెచ్చిన టీ తాగాను. గదికి పోయి క్యాసెట్ విని, అది సరిగ్గా పదకొండు నిమిషాలని తేల్చుకున్నాను. ఎవరు అడిగారని!

బతికాడు. దగ్గు మాత్రం ఆయనతోనే ఉండిపోయింది.

మూడు వారాలకి మేనేజరు మా ఇద్దర్నీ పిలిచాడు. నేను చెప్పేద్దామనే వెళ్లాను. నిజంగానే. మాటలు కూడా వరసగా పేర్చుకున్నాను. నోరు తెరిచేలోపే కాకా అందుకున్నాడు.

"కన్నంటుకున్నది సార్. చెయ్యి కుళాయి మీదున్నదని సోయి లేకపాయె."

మేనేజరు నా వైపు తిరిగాడు. "నువ్వు చూశావా?"

"నేను ల్యాబ్‌లో ఉన్నాను సార్," అన్నాను.

అందులో అబద్ధం లేదు. అందుకే ఇప్పటికీ గుర్తొస్తే తల దించుకుంటాను.

కాకాని రియాక్టర్ మీద నుంచి తీసేసి బాయిలర్ దగ్గర బొగ్గు పనికి వేశారు. సోమవారం నుంచి చేరమన్నారు. అప్పుడే ఆస్పత్రి నుంచి వచ్చిన ఊపిరితిత్తులు, ఎదురుగా బొగ్గు దుమ్ము! అది ఎంత అన్యాయమో ఆ ఫ్యాక్టరీలో నాకంటే బాగా తెలిసినవాడు లేడు.

ఆదివారం మధ్యాహ్నం లక్డారం వెళ్లాను. ఇంటి ముందు అరుగు మీద మంచం వేసుకుని కూర్చున్నాడు. కూర్చోమన్నాడు, మజ్జిగ తెప్పించాడు. ఉత్తరం సంగతి, క్యాసెట్ సంగతి, జేబులో దాచిన సంగతి అన్నీ చెప్పేశాను. రేపు మేనేజరుకి చెప్పి మళ్లీ నిన్ను నీ పనిలో వేయిస్తాను కాకా అన్నాను.

"వద్దు," అన్నాడు. "క్యాసెట్ ముచ్చట బయటికొస్తె నాలుగు షిఫ్టులోళ్ల నౌకర్లు పోతయి. నీది గూడ పోతది."

"పోనీ కాకా. తప్పు నాది."

"నువ్వు పోతె గా కుర్సీల ఇంకోన్ని కూసోపెడ్తరు. కొత్తగొచ్చిన కెమిస్టును సూస్తలేవా? పొగొస్తున్నా అటు దిక్కు సూడకుంట బుక్కుల సంతకాలు పెడ్తడు. గసొంటోని కింద పనిజేసేటోడు ఇంటికొస్తడా? నీ లెక్క భయపడేటోడే ఉండాలె." నా ముఖంలోకి చూశాడు. "నువ్వు గేటు దిక్కు ఉరికింది పైనుంచి నేను సూసిన సారూ. ఎవలికీ చెప్పలే. ఇంకోపారి భయపడేదుంటె జెర ముందుగాల భయపడు."

నేను పట్టుబట్టాల్సింది. వద్దన్నా వెళ్లి చెప్తానని లేచి రావాల్సింది. "సరే కాకా," అన్నాను. అన్నాక ఏమైందో కూడా చెప్పేస్తాను. ప్రాణం లేచొచ్చింది. మూడు వారాల తర్వాత మొదటిసారి ఆకలేసింది.

ముందుగాల భయపడు అన్నదానికి కాకా తనే నవ్వబోయాడు. నవ్వు సగంలోనే దగ్గులో పడిపోయింది. మంచం కోడు పట్టుకుని వంగిపోయాడు. భార్య లోపల్నుంచి నీళ్లు పట్టుకుని పరుగున వచ్చి వీపు రాస్తూ నిలబడింది. ఎంతసేపటికీ తగ్గడం లేదు. బస్సుకి టైమైందని లేచాను. వీధి మలుపు దాకా ఆ దగ్గు వినిపిస్తూనే ఉంది, నేను నడక పెంచాను.

తెల్లారి ఆయన బొగ్గు పనిలో చేరాడు.