అంచు వదలని చొక్కా

ముందే చెబుతున్నాను, నేను కాస్త పెంచి చెప్పే మనిషిని. మా ఇంట్లో బొద్దింక కనబడితే నా నోటి వెంట వీధిలోకి వెళ్ళేసరికి అది ఉడుమవుతుంది. మా ఆవిడ నా మాటల్ని సగానికి కోసి, ఆ సగంలో పావువంతు నమ్ముతుంది. మీరూ అలాగే చదవండి. పెంచినవి కాక, పూర్తిగా నేనే పుట్టించింది కూడా ఇందులో ఒకటుంది. అదేమిటో చివర్లో ఒప్పేసుకుంటాను.

మా నాన్న నేతపని చేసేవాడు. ఆయన పోయాక మగ్గం విప్పేశాం. ఆయన చేత్తో నేసిన వాటిలో మిగిలింది అమ్మ దగ్గరున్న ఒకే ఒక్క నూలు చీర. ఆకుపచ్చ చీర, కృష్ణా కాలవంత వెడల్పున ఎర్రంచు. అది మడతల దగ్గర చిరగడం మొదలెట్టింది. మాతోనే ఉంటున్న అమ్మ ఓ రోజు దాన్ని తెచ్చి నా ఒళ్ళో పడేసింది.

"బీరువాలో పెడితే చివికిపోద్దిరా. చొక్కా కుట్టించుకో. మైలవరంలో చుట్టాల పెళ్ళికి తొడుక్కురా, చూస్తా."

బెంజ్ సర్కిల్ దగ్గర ఓ టైలరుకి చూపించాను. ఆయన చీరని అటూ ఇటూ తిప్పి, "అంచు కోసి పడేద్దామండి. జెంట్స్ చొక్కాకి ఇంత అంచేం బాగుంటుందండీ?" అన్నాడు.

అంచు పడేయడమా? మా నాన్న పనితనమంతా ఉన్నది అందులోనే! నా రక్తం మరిగిన వేడికి సర్కిల్లో సిగ్నలు దీపాలు మూడూ ఒకేసారి ఎర్రబడ్డాయి. చీర చంకలో పెట్టుకుని ఇంటికొచ్చి, మా ఆవిడ కుట్టుమిషన్ ముందు కూర్చుని, నేనే కుడతానని ప్రకటించాను.

"గుండీ ఊడితే పిన్నీసు పెట్టుకు తిరిగే మనిషి మీరు," అంది మా ఆవిడ.

"నేర్చుకుంటానోయ్."

"నేర్చుకోండి. నా దుప్పట్ల మీద మాత్రం కాదండోయ్."

దుప్పట్ల మీదే నేర్చుకున్నాను. ఫోన్లో వీడియో చూస్తూ కుడుతుంటే సూది ఎన్నిసార్లు దిగిందో, నా చూపుడువేలు జల్లెడైంది. దిండు గలీబులన్నిటికీ చేతులు మొలిచాయి. చుట్టాలొచ్చి, దిండుని పిల్లవాడనుకుని ఏ క్లాసని అడిగారు.

పెళ్ళి దగ్గరపడింది. అసలు చీర మీద మాత్రం కత్తెర పడలేదు. మంచం మీద పరుస్తాను, సుద్దతో గీస్తాను, తుడుస్తాను, మళ్ళీ గీస్తాను. ఫ్యాను వేస్తే చీర ఎగురుతుంది, ఆపితే నేను ఉడుకుతాను. లేస్తాను, కిటికీ దాకా వెళ్తాను, వచ్చి కత్తెర పడతాను, దాన్ని పెట్టేసి మంచినీళ్ళు తాగుతాను. గీత తప్పి ఒక్క కోత పడిందా, అంతే. మళ్ళీ నేసేవాడేడీ? ఆ భయం నన్ను ఒకచోట కూర్చోనివ్వలేదు. అన్నం కూడా నిలబడే తిన్నాను.

"కూర్చోండి మహాప్రభో, మిమ్మల్ని చూస్తుంటే నాకు కళ్ళు తిరుగుతున్నాయి," అంది మా ఆవిడ.

చివరికి ఓ పొద్దున పళ్ళు బిగించి, కళ్ళు మూసుకుని కోసేశాను. ఆ కరకర చప్పుడుకి గన్నవరంలో దిగబోతున్న విమానం దిగకుండా మళ్ళీ పైకి లేచిందట.

కుట్టడం మొదలెట్టాక కొత్త చిక్కొచ్చింది. అంచు ముక్క ఒక్కటి పారెయ్యడానికీ చెయ్యి రాదు. కాలరుకి కొంత వేశాను. ఇంకా మిగిలింది. గుండీల పట్టీకి వేశాను, జేబుకి వేశాను, చేతులకి, కింద చుట్టూ, భుజాలకి కూడా వేశాను. చొక్కాలో ఆకుపచ్చ ఎక్కడుందో వెతుక్కోవాల్సొచ్చింది.

మా ఆవిడ నా చుట్టూ ఒక ప్రదక్షిణ చేసింది. "గంగిరెద్దుకి కూడా ఇన్ని అంచులుండవండీ. సన్నాయి ఒక్కటే తక్కువ."

అదే తొడుక్కుని మైలవరం వెళ్ళాను. పెళ్ళివారి తరఫు పెద్దాయనొకరు నన్ను ఎగాదిగా చూసి, "బ్యాండువాళ్ళ భోజనాలు అటు పక్క బాబూ," అన్నారు. ఇంటికి పోయి అన్నీ విప్పి మళ్ళీ కుట్టాలని చేతులు దురదపెడుతున్నాయి. అమ్మ దగ్గరికి పిలిచి, కాలరు మీది అంచుని బొటనవేలితో రాసి చూసింది.

"ఒక చెయ్యి పొడుగు, ఒకటి పొట్టి. పోన్లే. ఇంక విప్పమాక," అంది.

ఇక నేను పుట్టించిన సంగతి. విమానాన్ని మీరెలాగూ నమ్మి ఉండరు. బ్యాండు మాట నిజమే, ఆ పెద్దాయన ఇప్పటికీ క్షమాపణ చెప్పలేదు. అబద్ధమల్లా, కోసింది నేనని చెప్పడమే. ఆ పొద్దున కత్తెర మంచం మీద పెట్టేసి, టీ తాగొస్తానని చెప్పి పారిపోయాను. కాలవగట్టు వెంట తిరిగి తిరిగి ఇంటికొచ్చేసరికి అమ్మ చీరని నేల మీద పరుచుకుని, నా సుద్దగీత వెంట కోస్తోంది. తలెత్తలేదు.

"నువ్విట్టా తిరుగుతా ఉంటే పెళ్ళయిపోద్ది. ఆ కొస పట్టుకో, జారుతోంది."

పట్టుకున్నాను. కళ్ళు మూసుకున్న మాట మాత్రం నిజం.