ఎటునుంచి కూడినా ఇరవై ఏడే

బెల్లంపల్లి బడిలో లెక్కల పంతులుగా చేరిన కొత్తలో నా నౌకరీ కచ్చాది. ఎప్పుడు తీసేసినా అడగడానికి లేదు. అది పక్కా కావాలంటే తనిఖీకి వచ్చే ఇన్‌స్పెక్టర్ సాబు నన్ను మెచ్చుకోవాలి. ఆయన నిజాం కాలంలో ఉర్దూలో చదివి, ఉర్దూలోనే చదువు చెప్పిన మనిషి. ఆయన దగ్గర ఎనిమిది అంకెల సంఖ్య ఒకటి ఉండేది. ఏ బడికి వెళ్లినా దాన్నే బోర్డు మీద రాసి, భాగహారం చేయకుండానే అది దేనితో పోతుందో, దేనితో పోదో పిల్లలచేత చెప్పించేవారు. ఆయనకు ఇంకో సంఖ్య రాదని మా పంతుళ్లు చాటుగా నవ్వుకునేవారు.

మా తరగతిలోనూ అదే రాశారు: 7,35,24,132. కాకపోతే ఉర్దూ అంకెల్లో. "గిదే కింద మీ అంకెలల్ల రాయి బిడ్డా" అని, ముందు వరుసలో ఉన్న బొగ్గుబాయి కార్మికుడి కూతురికి సుద్దముక్క ఇచ్చి, తాను తరగతి వైపు తిరిగారు.

ఆ పిల్లకు మైలురాళ్ల మీద చూసి ఉర్దూ అంకెలు తెలుసు. ఉర్దూ కుడినుంచి చదువుతారనీ తెలుసు. అంకెలు మాత్రం ఉర్దూలోనూ ఎడమనుంచే నడుస్తాయని ఎవరూ చెప్పలేదు. తడుముకోకుండా 2,31,42,537 అని రాసింది. ఐదు కోట్లు గాలికి పోయాయి, వాటితోపాటు నా నౌకరీ కూడా.

"తొమ్మిదితోని పోతదా?" అన్నారు సాబు.

పిల్ల అంకెలన్నీ కూడింది. "ఇరవై ఏడు. పోతది సార్."

"పదకొండుతోని?"

ఒకటి విడిచి ఒకటి కూడింది. ఒక వరుస ఎనిమిది, ఇంకోటి పంతొమ్మిది. "తేడా పదకొండు. పోతది సార్."

"శాబాష్!"

నాకు ప్రాణం లేచొచ్చింది. ఈ రెండింటికీ సంఖ్య తల ఎటుందో, తోక ఎటుందో అక్కర లేదు. ఇక చాలు, చాయ్ తాగి వెళ్లండి మహానుభావా అని మనసులోనే దండం పెట్టాను.

"మరి నాలుగుతోని?"

నాలుగుకు తోకే కావాలి. చివరి రెండంకెలు చూడాలి.

"పోదు సార్!" తరగతంతా అరిచింది.

"క్యా? ముప్పై రెండు నాలుగుతోని పోదా?"

"ముప్పై రెండు యాడిది సార్? ముప్పై ఏడున్నది" అంది పిల్ల.

సాబు బోర్డు వైపు తిరిగి రెండు వరుసలూ చాలాసేపు చూశారు. "పంతులూ, గీ పిల్ల ఉల్టా రాసింది. మరి తొమ్మిది ఎట్ల పోయింది?"

నేను నోరు తెరిచేలోపే పిల్ల అందుకుంది. "ఎటుదిక్కు నుంచి కూడినా గవే అంకెలు గద సార్!"

సాబు కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వారు. "నీ నౌకరీ పక్కా, పో" అన్నారు నాతో. సంతోషం పట్టలేక ఆయన్ను వరండా దాకా సాగనంపాను. అక్కడ ఆగి, గొంతు తగ్గించారు.

"పంతులూ, గిప్పుడు సర్కారు పని తెలుగుల నడుస్తదని నాకు గూడ తెలుగు ఇమ్తిహాన్ పెట్టిండ్రు. మాట్లాడుడే గని నాకు రాసుడు రాదు. గీ వయసుల. పాస్ కాకుంటే నౌకరీ ఉండదంట. నేను తప్పు రాస్తే, గా పరీక్ష పెట్టేటోళ్లు గిట్ల నవ్వి ఇడిచిపెడ్తరా?"

నాకు నవ్వు రాలేదు.

"సాయంత్రం మా ఇంటికి రాండ్రి సార్" అన్నాను. "అ ఆ ల కాడికెల్లి మొదలువెడదాం."