గీతాచార్యుడు

మనిషి ముఖం చూసి మాట్లాడటం ఆయనకు చేతకాదు. మందుల ఫ్యాక్టరీలో పదహారేళ్లుగా ఆయన కళ్లు ఒకే తెర మీద, ఆ తెరపై పాకే ఒకే గీత మీద అతుక్కుపోయాయి. పక్కన పిడుగు పడ్డా "గీత కదల్లేదు, ఫర్వాలేదు" అనే రకం. గీతాచార్యుడని పేరు పెట్టింది, మందు తయారయ్యే పెద్ద తొట్టి, అదే రియాక్టరు, నడిపే అమ్మాయి. ఆయన వినేలాగే పిలిచేది. ఆయన వింటేగా!

పని మాత్రం నవ్వులాట కాదు. ద్రావణం చల్లారుతుంటే మందు స్ఫటికాలు కడుతుంది, అదీ రెండు రకాలుగా. ఒక రకం కడుపులో కరుగుతుంది. రెండోది ఇసుకలా వెళ్లి ఇసుకలాగే బయటికొస్తుంది. కంటికి రెండూ తెల్లపొడే. రియాక్టరులోకి దింపిన కడ్డీ లేజరు కాంతి వేసి, తిరిగొచ్చిన వెలుగును గీతగా చూపిస్తుంది. రకం మారితే గీత ఆకారం మారుతుంది.

ఒకరోజు భార్య ఫోన్ చేసింది.

"ఎప్పుడొస్తారు?"

"ఇంకా రూపం తేలలేదు."

"నా రూపమైనా గుర్తుందా?"

"నీది మారదులే," అని పెట్టేశాడు. ఆవిడ మూడు రోజులు మాట్లాడలేదు.

ఒక మధ్యాహ్నం ఆ అమ్మాయి పరధ్యానంలో చల్లనీటి వాల్వు ఒక చుట్టు ఎక్కువ తిప్పేసింది.

"ఆపు తల్లీ! రెండో రకం మొలుస్తోంది!"

మళ్లీ వేడిచేసి, అంతా కరిగించి, మొదటినుంచి నిదానంగా చల్లార్చాల్సి వచ్చింది. షిఫ్టంతా దండగ. మందుకూ పంచదారకూ తేడా తెలియని మేనేజరు ఊడిపడ్డాడు.

"తెల్లపొడి తెల్లపొడే కదా! ఎవరిదీ నిర్వాకం?"

"సార్, నేను..." అందా అమ్మాయి.

"నాదే," అడ్డొచ్చాడు గీతాచార్యుడు. "గీత ఒరగడం మొదలైనప్పుడే చెప్పాల్సింది. కునుకు పట్టింది."

గదిలో ఎవరూ నమ్మలేదు. మేనేజరు నమ్మాడు, నమ్మితే తొందరగా భోజనానికి వెళ్లొచ్చు. అతను ఇచ్చిపోయిన హెచ్చరిక కాగితాన్ని గీతాచార్యుడు నాలుగు మడతలు పెట్టి, ఊగుతున్న బల్లకాలి కింద దోపాడు.

"రెప్పే వేయని మనిషి మీరు! అబద్ధం ఎందుకాడారు సార్?" అందా అమ్మాయి.

ఆయన తెర వైపే చూస్తున్నాడు. "పొద్దున్నుంచి తొమ్మిదిసార్లు ఫోను వైపు చూశావు. నీ పాపకి ఒంట్లో బాలేదా?"

"జ్వరం సార్."

"వెళ్లి మీ అత్తయ్యతో మాట్లాడిరా. వాల్వు నేను పట్టుకుంటా."

పది నిమిషాల్లో తిరిగొచ్చింది. ఆయన తల తిప్పలేదు.

"తగ్గిందన్నమాట."

"ఎవరు చెప్పారు సార్?"

"అడుగుల చప్పుడు తేలికైందిగా. ఇక నీ వాల్వు నువ్వు పట్టుకో తల్లీ, నా చెయ్యి గడ్డకడుతోంది!"